చేరిన తేదీ

ఆఫీసులో ఆమెను అందరూ పంతులమ్మ అనేవాళ్లు. బడిలో ఒక్కరోజు కూడా పాఠం చెప్పిన మనిషి కాదు. ఎవరు ఏ కాగితం తెచ్చి చేతిలో పెట్టినా ముందు అందులో తప్పులు కనబడేవి ఆమెకు, ఆ తర్వాతే సంగతి. గోడకు అంటించిన నోటీసుల్లో కూడా పెన్ను తీసి దీర్ఘాలు దిద్దేది. మొదట్లో ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు. పదేళ్లలో అది బిరుదైపోయింది. పైకి విసుక్కున్నా లోలోపల ఆమెకు ఆ పిలుపు ఇష్టంగానే ఉండేది.

అది రైళ్లు నడిపే సంస్థ. ప్రయాణికులు ఫోన్ చేస్తే ఇప్పుడు మనుషులు ఎత్తరు, ఏఐ ఏజెంటు ఎత్తుతుంది. రైలు ఎప్పుడొస్తుంది, ఏ ప్లాట్‌ఫాం మీదికొస్తుంది, మా సంచీ మీ రైల్లో మర్చిపోయాం దొరికిందా అని ఏది అడిగినా అదే జవాబు చెబుతుంది. అయితే దానికి తనంతట తానుగా తెలిసింది ఏమీ లేదు. డేటాబేసుల్లో వెతికి పెట్టే టూల్స్ కొన్ని ఉంటాయి. ఏ ప్రశ్నకు ఏ టూల్ వాడాలి, దానికి ఏ వివరాలు అందించాలి, అది తిరిగి ఇచ్చినదానికి అర్థమేమిటి అన్నది ఎవరో ఒకరు మాటల్లో రాసిపెట్టాలి. అలా రాసిపెట్టడమే పంతులమ్మ ఉద్యోగం.

కొత్తగా చేరినవాళ్లకు ఆమె ఎప్పుడూ ఒకటే చెప్పేది. "ఏజెంటంటే మొదటి రోజు డ్యూటీకొచ్చిన మనిషనుకోండి. తెలివికేం తక్కువ లేదు. కానీ పక్క సీటువాళ్లని అడగలేదు, లేచి వెళ్లి చూసి రాలేదు. మనం రాసిన నాలుగు ముక్కలే దానికి దిక్కు. మనం తప్పు రాస్తే ఆ తప్పునే ఎంతో మర్యాదగా జనానికి చెబుతుంది." చక్కగా చెప్పేది. విన్నవాళ్లు పుస్తకాల్లో రాసుకునేవాళ్లు.

పోయిన వస్తువుల స్టోరుకు టూల్ తయారైనప్పుడు, దాని వివరణ రాయడానికి ముందు ఆమె ఆ స్టోరు చూడటానికి వెళ్లింది. స్టేషన్ వెనకవైపు, సరుకులు దింపే చోట, పొడుగాటి గది. నేల నుంచి పైకప్పు దాకా ఇనప అరలు. గొడుగులకే ఒక గోడ మొత్తం సరిపోలేదు. ఒక అర నిండా జత తప్పిన బూట్లు. కిటికీ దగ్గర మూత పెట్టిన గాజు సీసాలో పెట్టుడు పళ్లు.

"పళ్లు మర్చిపోయి దిగిపోయేవాళ్లు కూడా ఉంటారా బాబాయ్?" అని నవ్వింది.

"మనిషే దిగడం మర్చిపోతున్నాడమ్మాయ్, పళ్లదేముంది!" అన్నాడు స్టోరు చూసుకునే ఆయన.

సంస్థలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ గదిలోనే ఉన్నాడు. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. వస్తువు రాగానే దాన్ని తిప్పి తిప్పి చూసి, చీటీ కట్టి, కంప్యూటర్లో ఎక్కించి, అరలో పెట్టేవాడు. టైపు చేసేది రెండు వేళ్లతోనే గానీ ఒక్క అక్షరం పొల్లు పోయేది కాదు. అరవై రోజుల్లో ఎవరూ రాకపోతే రూలు ప్రకారం వేలానికి పంపాలి. పంపే రోజు ఆయన ముఖం చూడలేమని పక్క గదివాళ్లు అనేవాళ్లు.

ఆ రోజు ఆయన ఆమెకు స్టూలు వేసి, టీ తెప్పించి, అన్నీ విడమర్చి చెప్పాడు. "ఒక్కటి మాత్రం జాగ్రత్తగా రాయి. ఇక్కడ నేనెక్కించే తేదీ వస్తువు పోయిన తేదీ కాదు, నా చేతికి చేరిన తేదీ. పోయినవాళ్లు చెప్పే తేదీ వేరు. చివరి స్టేషన్లో ఊడ్చేవాళ్లకి దొరికి, అక్కడ మూటకట్టి, వెనక్కొచ్చే బండెక్కించి, నా దాకా వచ్చేసరికి మూడ్రోజులు, నాలుగు రోజులు, ఒక్కోసారి ఆరు రోజులు కూడా పడుతుంది."

ఆమె తలూపుతూ ఫోన్లో వచ్చిన మెసేజీకి జవాబిస్తోంది. ఆ వారంలో పదకొండు టూల్స్‌కి వివరణలు రాయాలి.

"విన్నావా అమ్మాయ్? పోయిన రోజు వేరు, చేరిన రోజు వేరు."

"విన్నాను బాబాయ్," అంది. నిజంగానే వింది. నోటుపుస్తకంలో రాసుకుంది కూడా.

శుక్రవారం సాయంత్రం ఆ నోటుపుస్తకం ముందు పెట్టుకునే కూర్చుంది. అప్పటికి పది టూల్స్ అయిపోయాయి. ఒక్కోదానికి రెండంటే రెండు వాక్యాలు, చూడముచ్చటగా, ఒకదాని కింద ఒకటి. మేనేజరు అంతకుముందు రోజే వాటిని చూసి "ఇదీ రాతంటే! ఒక్క మాట ఎక్కువ లేదు" అని నలుగురిలో మెచ్చుకున్నాడు. పదకొండోది స్టోరు టూల్. బాబాయ్ చెప్పింది రాయాలంటే రెండు వాక్యాలు కాస్తా ఆరేడవుతాయి. ఆమె ఒకసారి నోటుపుస్తకం వైపు చూసింది, ఒకసారి తెర మీది ఆ సమానమైన వరసల వైపు చూసింది. చివరికి ఇలా రాసింది:

"పోయిన వస్తువుల స్టోరులో వస్తువు రకం, రంగు, తేదీ ఆధారంగా వెతుకుతుంది. ఏమీ రాకపోతే వస్తువు మన దగ్గర లేదని అర్థం."

రాశాక పరీక్షించింది. స్టోరు జాబితాలోంచే ఓ పది వస్తువులు తీసుకుని, జాబితాలో ఉన్న తేదీలే ఇచ్చి వెతికించింది. పదికి పదీ దొరికాయి. దొరక్క ఏం చేస్తాయి? సంచీ సర్దుకుని ఇంటికి వెళ్లిపోయింది.

రెండు నెలలు గడిచాక ఒకనాటి పొద్దున్న స్టోరు కౌంటరు దగ్గరికి ఒక దర్జీ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, మెడలో కొలత టేపు అలాగే వేసుకుని వచ్చేసింది. రైల్లో తన కొలతల పుస్తకం మర్చిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఎవరెవరికి ఏం కుట్టిందో, ఎవరి భుజం ఎంతో, ఎవరికి ఒక చెయ్యి కాస్త పొడుగో అన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయి. మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ ఏజెంటు "క్షమించండి, మీ వస్తువు మా దగ్గరికి రాలేదండీ" అని మెత్తగా చెప్పింది. మనసొప్పక నాలుగోసారి తనే నడిచొచ్చింది. కౌంటరు మీదుగా తొంగి చూస్తే ఎదురుగా మూడో అరలో, ఎర్ర అట్టతో, ఆమె పుస్తకం.

ఒంటికాలి మీద లేచిందావిడ. "కళ్లెదురుగా పెట్టుకుని లేదంటారా? పదిహేను రోజులుగా నాకు ముద్ద దిగట్లేదు!" స్టేషన్ సగం అక్కడ పోగైంది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. బాబాయ్ కంప్యూటర్ తిప్పి చూపించాడు. "ఇదిగోండి, ఎక్కించాను. తేదీతో సహా ఉంది."

"ఆ తేదీ నువ్వు టైపు చేసేదే కదా బాబాయ్. ఇవాళ ఎక్కించి పదమూడు రోజుల కిందటి తేదీ వేసినా ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మేనేజరు. ఆయన చెడ్డవాడు కాదు. అప్పటికే ఆ నెలలో అలాంటి ఫిర్యాదులు తొమ్మిదొచ్చి ఉన్నాయి. వస్తువులేమో అరల్లో ఉన్నాయి, ఏజెంటేమో లేవంటోంది. ఏజెంటు అబద్ధమాడదు కాబట్టి, కంప్యూటర్లో ఎక్కించని వాడిదే తప్పు. లెక్క తేలిపోయింది.

ఆ మధ్యాహ్నం మీటింగులో మేనేజరు ఇదంతా చెప్పి, "వయసైపోయిందండీ, ఏం చేస్తాం? ఎక్కించడం మర్చిపోతున్నాడు. రేపట్నుంచి బాబాయిని స్టేషన్ ఉత్తర గేటు దగ్గర పాసులు చూసే పనికి మారుస్తున్నాం. టికెట్ల విభాగం నుంచి ఒక గుమాస్తా స్టోరుకొస్తాడు" అన్నాడు.

పంతులమ్మ ఆ మీటింగులోనే ఉంది. 'తేదీ' అన్న మాట చెవిన పడగానే ఆమె రాసుకుంటున్న పెన్ను ఆగింది. ఎందుకో అప్పటికింకా స్పష్టంగా తెలియదు. శుక్రవారం సాయంత్రమూ, తెర మీది వరసలూ, నోటుపుస్తకంలోని ఒక గీత మాత్రం కళ్ల ముందు కదిలాయి. మీటింగు అయిపోగానే సీటు దగ్గరికొచ్చి దర్జీ చేసిన మూడు ఫోన్ల రికార్డులు తీసింది.

ఏజెంటు ఎంతో ఓపిగ్గా అడిగింది: ఏం పోయింది, ఏ రంగు, ఏ రోజు పోయింది? ఆవిడ పోయిన రోజు చెప్పింది. ఏజెంటు అదే తేదీ టూల్‌కి ఇచ్చింది. టూల్ చేరిన తేదీల్లో వెతికింది. పుస్తకం పోయిన రెండు రోజులకు గానీ స్టోరు చేరలేదు. కాబట్టి ఏమీ రాలేదు. ఏమీ రాకపోతే లేదని అర్థం అని పంతులమ్మే రాసింది. ఏజెంటు అక్షరం తప్పకుండా అదే చెప్పింది.

ఇంకో వంద ఫోన్లు చూసింది. పోయిన రోజే స్టోరుకు చేరిన వస్తువులు మాత్రం దొరికాయి. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. మిగతావన్నీ అంతే. "రాలేదండీ." "రాలేదండీ." "రాలేదండీ."

ఇంకొకటి కూడా చూసింది. డేటాబేసు అడుగున, బాబాయ్ టైపు చేసే తేదీతో పనిలేకుండా, ఏ వస్తువు ఏ క్షణాన ఎక్కిందో కంప్యూటరే దాచుకునే లెక్క ఒకటుంటుంది. దర్జీ పుస్తకం పదమూడు రోజుల కిందట, పొద్దున్న పది గంటల పన్నెండు నిమిషాలకు ఎక్కింది. బాబాయ్ ఒక్కటంటే ఒక్కటి కూడా ఆలస్యం చేయలేదు. ఆయన నిర్దోషి అనడానికి రుజువు ఆమె కళ్ల ముందే మెరుస్తోంది. బదిలీ ఉత్తర్వు మీద మేనేజరు ఇంకా సంతకం పెట్టలేదు. ఆయన గది ఆమె సీటుకు పది అడుగుల దూరం.

ఆమె లేవలేదు.

వివరణ మాత్రం తిరగరాసింది. 'తేదీ అంటే వస్తువు స్టోరుకు చేరిన తేదీ, పోయిన తేదీ కాదు. చేరడానికి ఆరు రోజుల దాకా పట్టవచ్చు. పోయిన రోజు మొదలుకుని ఆ తర్వాతి ఆరు రోజుల దాకా ఒక్కొక్క తేదీ ఇచ్చి వెతకాలి. ఏమీ రాకపోతే ఇచ్చిన వివరాలతో ఇంకా కనబడలేదని మాత్రమే అర్థం. వస్తువు లేదని కాదు. ప్రయాణికుడికి రాలేదని చెప్పకూడదు. రెండు రోజులాగి మళ్లీ అడగమనాలి.' పదిహేను నిమిషాల పని. దర్జీ చెప్పిన వివరాలే ఇచ్చి పరీక్షిస్తే మూడో తేదీకే ఎర్ర అట్ట పుస్తకం బయటపడింది.

రేపు చెబుదాం అనుకుంది. ఆ మర్నాడు ఆమె వేరే శాఖవాళ్లకు శిక్షణ తరగతి చెప్పాలి, ఏజెంట్ల కోసం స్పష్టంగా రాయడం ఎలా అన్న విషయం మీద. తరగతి అయ్యాక చెబుదాం అనుకుంది. తరగతి బాగా జరిగింది, చప్పట్లు కొట్టారు. చప్పట్ల తర్వాత వెళ్లి ఆ మాట చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

ఇక్కడే అసలు ఘోరం జరిగింది. ఆమె గుట్టుగా దిద్దిన వివరణా, బాబాయ్ బదిలీ ఒకే పూట అమల్లోకొచ్చాయి. ఫిర్యాదులు కత్తిరించినట్టు ఆగిపోయాయి. మేనేజరు మురిసిపోయాడు. "చూశారా? మనిషిని మార్చగానే ఎలా దారిలో పడిందో!" బాబాయ్ మీద అప్పటిదాకా ఉన్నది అనుమానం. ఆమె చేతి చలవ వల్ల అది రుజువై కూర్చుంది.

నాలుగు వారాలు ఆమె ఉత్తర గేటు వైపు వెళ్లలేదు. చుట్టు తిరిగి దక్షిణం గేటులోంచి వచ్చేది. ఐదో వారం అటు మరమ్మతులని మూసేశారు. తప్పనిసరై ఉత్తరం వైపు వచ్చింది.

బాబాయ్ చిన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే ముఖం విప్పారింది. "అమ్మాయ్! నల్లపూసవైపోయావు. దా, దా."

"ఎలా ఉన్నారు బాబాయ్?"

"బానే ఉన్నానమ్మా. ఇక్కడ గాలి బాగా వస్తుంది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నరాల డాక్టరుకి చూపించుకుంటున్నాను. మతిమరుపు కదా. మీ పిన్ని తీసుకెళ్లింది. వందలోంచి ఏడు, ఏడు తీసేసుకుంటూ పొమ్మన్నాడు. అరవై ఐదు దాకా వెళ్లాను. డాక్టరే తికమకపడి మళ్లీ మొదట్నుంచి చెప్పమన్నాడు."

నవ్వాడు. ఆయన జేబులోంచి బొటనవేలంత పుస్తకం తీసి చూపించాడు. ప్రతి పేజీ నిండా గుండ్రటి అక్షరాలు. 'గ్యాసు కట్టేశాను. తలుపు తాళం వేశాను. తాళం కుడి జేబులో పెట్టాను. గ్యాసు కట్టిన మాట నిజం.'

"అన్నీ రాసుకోమంది మీ పిన్ని. పొద్దున్న లేవగానే రాత్రి ఏం తిన్నావో చెప్పు అంటుంది. నేను చెబుతాను. సరిగ్గానే చెబుతాను. అయినా దాని కళ్లల్లో భయం పోవట్లేదు." పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఒకటడుగుతాను. నువ్వు చదువుకున్నదానివి. ప్రతి వస్తువూ ఎక్కించినట్టే నాకు గుర్తు. చేతులతో టైపు చేసినట్టు గుర్తు. మనిషికి చెయ్యని పని చేసినట్టు గుర్తుంటుందా అమ్మాయ్?"

ఆమె వాచీ చూసుకుంది. రైలు టైమవుతోంది బాబాయ్ అని ఏదో గొణిగి వచ్చేసింది. ఏ రైలూ లేదు. ఆమె వెళ్లాల్సింది ఆఫీసుకే.

ఆ సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ అత్తగారికి అంతా చెప్పింది. భర్త ఊళ్లో లేడు. ఉన్నా ఆయనకు చెప్పేది కాదేమో, ఎందుకంటే ఆయన వెంటనే ఓదారుస్తాడు. అత్తగారు ఓదార్చే మనిషి కాదు. చిన్న ప్రెస్సులో అచ్చు తప్పులు దిద్దే పని చేసి రిటైరైంది. కోడలు చెప్పిందంతా కళ్లజోడు పైనుంచి చూస్తూ వింది.

"ఆయనకి చెప్పావా?"

"లేదత్తయ్యా."

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

అత్తగారు ఆమె చేతిలోంచి కత్తి తీసుకుని మిగతా ముక్కలు తనే తరిగింది. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

మర్నాడు పంతులమ్మ మేనేజరు గదిలోకి వెళ్లి, తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు పైకప్పు చూశాడు.

"ఇప్పుడంతా సర్దుకుంది కదా," అన్నాడు చివరికి. "పైవాళ్లకి రిపోర్టు వెళ్లిపోయింది. ఇప్పుడు కారణం అది కాదు ఇదీ అంటే నీ పరువూ పోతుంది, నాదీ పోతుంది. ఆయన గేటు దగ్గర సుఖంగానే ఉన్నాడు. ఏడాదిలో రిటైరైపోతాడు. వదిలెయ్యి తల్లీ."

సరేనండీ అని బయటికొచ్చింది. వరండాలో నడుస్తుంటే ఒళ్లు తేలికైనట్టనిపించింది. చెప్పేశాను, ఆయనే వద్దన్నాడు, ఇక నా పూచీ ఏముంది అనుకుంది. మంచినీళ్ల దగ్గర ఆగి గ్లాసు నింపుకుంది. సగం తాగాక, ఆ తేలికదనం ఏమిటో ఆమెకే అర్థమైంది. తర్వాత ఎన్నేళ్లకైనా, రాసిన తప్పు కంటే, దాచిన నాలుగు వారాల కంటే కూడా, ఆ వరండాలో నడిచిన ఇరవై అడుగులు తల్చుకున్నప్పుడే ఆమెకు తలెత్తబుద్ధయ్యేది కాదు.

గ్లాసు అక్కడే పెట్టేసి ఉత్తర గేటుకు వెళ్లింది.

"బాబాయ్, మీకు మతిమరుపు లేదు," అంది. వరస కుదరక ముందు ఆ మాటే వచ్చింది. తర్వాత నిలబడే మిగతాదంతా చెప్పింది. పాసులు చూపిస్తూ మనుషులు పోతున్నారు. ఆయన ఒక్కొక్క పాసు చూసి తలూపుతూనే విన్నాడు.

అంతా అయ్యాక అడిగాడు: "ఆ రోజు నేను చెప్పాను కదా? పోయిన రోజు వేరు, చేరిన రోజు వేరని?"

"చెప్పారు."

"రెండుసార్లు చెప్పానా?"

"రెండుసార్లు చెప్పారు."

"నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు. అయినా విన్నానన్నావు."

"అన్నాను బాబాయ్."

ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు. "గుర్తుంది. అంతా గుర్తుంది," అన్నాడు తనలో తనే. తర్వాత స్టూలు మీంచి లేచాడు. ముఖంలో నవ్వు లేదు. "రెండింటికి నా డ్యూటీ అయిపోతుంది. ఇంటికి రావాలి మీరు. ఇదంతా ఆవిడకి మీ నోటితో చెప్పాలి."

'మీరు' అన్నాడు. ఆమెకు ముప్ఫై ఆరేళ్లు, పరిచయమైనప్పటి నుంచీ ఆయన ఆమెను 'నువ్వు' తప్ప అనలేదు.

రెండు గదుల ఇల్లు. తలుపు పక్కన గోడకు, గ్యాసు పొయ్యి పైన, బీరువా మీద, ఎక్కడ చూసినా అంటించిన చీటీలు. 'కళ్లజోడు ఇక్కడ.' 'మందులు పొద్దున వేసుకున్నావా?' పిన్ని కుర్చీ చూపించింది. పంతులమ్మ కూర్చోలేదు. మళ్లీ మొదట్నుంచి చెప్పింది. టూల్ అంటే ఏమిటో, వివరణ అంటే ఏమిటో పిన్నికి తెలియదు. అన్నీ విప్పి చెప్పాల్సొచ్చింది. విప్పి చెప్పేకొద్దీ విషయం ఇంకా చిన్నదైపోయింది. చివరికి మిగిలింది ఇంతే: ఆరు వాక్యాలు రాయాల్సిన చోట రెండే రాశాను, వరస చూడటానికి బావుంటుందని.

"బావుంటుందనా?" అంది పిన్ని.

"అవునండీ."

"తెలిశాక ఎన్నాళ్లు ఊరుకున్నావు?"

"ముప్ఫై మూడు రోజులు."

పిన్ని లేచి గోడ మీది చీటీలు పీకడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ పీకి, నలిపి, గుప్పిట్లో పెట్టుకుంటోంది. బాబాయ్ వెళ్లి పై అరలోవి అందుకుని ఇచ్చాడు. పంతులమ్మ కూడా సాయం చేద్దామని చెయ్యి చాచబోతే, "మీరుండండి" అంది పిన్ని. అది కసురు కాదు. కసిరినా బావుండేది. ఇద్దరూ ఇల్లంతా తిరిగి చీటీలు తీసేదాకా ఆమె గది మధ్యలో నిలబడే ఉంది. పొమ్మనలేదు, ఉండమనలేదు. ఆఖరుకు తనే చెప్పులేసుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రమే సంస్థలో అందరికీ, పైవాళ్లతో సహా, ఒక ఉత్తరం పంపింది. నేను ఈ వివరణ ఇలా రాశాను, దానివల్ల ఏజెంటు ఇలా చెప్పింది, స్టోరులో ఒక్క వస్తువు కూడా ఆలస్యంగా ఎక్కలేదనడానికి ఇవిగో లెక్కలు, ఇది నాకు ఫలానా రోజు తెలిసింది, ఫలానా రోజు దాకా చెప్పలేదు. క్షమాపణ ఒక్క వాక్యం. ఆమె రాసినవాటిలో పొడుగైన కాగితం అదే.

మేనేజరు పది రోజులు ఆమెతో మాట్లాడలేదు. శిక్షణ తరగతులు వేరొకరికి ఇచ్చారు. ఆఫీసులో ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు గానీ, పంతులమ్మ అని పిలవబోయి ఒక్కొక్కరూ నాలుక కరుచుకునేవాళ్లు. బాబాయిని తిరిగి స్టోరుకు పంపడానికి రెండు వారాలు పట్టింది. క్షమించమని మేనేజరే స్వయంగా వెళ్లి అడిగాడట. "పోనివ్వండి సార్" అన్నాడట బాబాయ్.

ఇంకో పని మిగిలి ఉంది. ఆ రెండు నెలల్లో ఉన్న వస్తువును లేదని చెప్పించుకున్నవాళ్లు నూట నలభై మూడు మంది తేలారు. వాళ్లందరికీ ఏజెంటు చేత చేయించకుండా తనే ఫోన్ చేస్తానంది. స్టోరులో ఒక మూల బల్ల వేసుకుని కూర్చుంది. ఆమె జాబితాలోంచి వస్తువు చెబితే బాబాయ్ అరలో చూసి ఉందో లేదో చెప్పేవాడు. "ఉందండీ మేడమ్." "వేలానికెళ్లిందండీ మేడమ్." అంతకు మించి మాట లేదు. ఆమెకు టీ వచ్చేది. ఆయనే తెప్పించేవాడు, కానీ గ్లాసు బల్ల చివర పెట్టి వెళ్లిపోయేవాడు.

అరవై ఒక్క వస్తువులు అరల్లోనే ఉన్నాయి. వాళ్లు సంతోషించారు, కొందరు తిట్టారు, ఒకాయన "ఏ గొడుగు?" అని అడిగాడు. మిగతా ఎనభై రెండూ గడువు దాటి పోయాయి.

ఏడో రోజున బ్యాండులో వాయించే ఒకాయనకు ఫోన్ చేసింది. ఆయనది క్లారినెట్. సంగతంతా చెప్పింది.

"అంటే అది అక్కడికొచ్చిందా?"

"వచ్చిందండీ. మీది పోయిన మూడో రోజుకే వచ్చింది."

"అరవై రోజులు అక్కడే ఉందా?"

"ఉందండీ."

"నేను అప్పుడు ఐదుసార్లు ఫోన్ చేశానమ్మా." ఆయన గొంతులో కోపం లేదు. "ఎవడో తీసుకెళ్లిపోయాడు, పోనీ వాడైనా వాయించుకుంటాడని సర్ది చెప్పుకున్నాను. మీరు ఫోన్ చెయ్యకుండా ఉంటే బావుండేది."

"అవునండీ," అంది. కన్నీళ్లొస్తే అది కూడా తన కోసమే అవుతుందని పళ్లు బిగపట్టుకుంది.

బాబాయ్ అరల దగ్గర్నుంచి వచ్చి చెయ్యి చాచాడు. ఆమె ఫోన్ ఇచ్చింది.

"నేను స్టోరు మనిషినండీ. మీ పెట్టె నాకు గుర్తుంది. నల్ల పెట్టె, ఎడమవైపు కొక్కెం ఊడితే నీలం గుడ్డపీలికతో కట్టారు. లోపల ఊదే పీకలు రెండు అదనంగా ఉన్నాయి, ఒకటి కొస పగిలింది. నేనే తుడిచి పెట్టాను. వేలంలో దాన్ని కొన్నది పాత సామాన్ల కొట్టాయన. ఆయన కొట్టు నాకు తెలుసు. సాయంత్రం వెళ్లి కనుక్కుని మీకు చెబుతాను."

వెళ్లాడు కూడా. ఆమె కూడా వెంట వెళ్లింది, ఆయన రమ్మనలేదు, వద్దనలేదు. కొట్టాయన అప్పటికే దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. ఎవరో ఏమో రాసుకోలేదు. బాబాయ్ అక్కడే నిలబడి ఆ మాట బ్యాండాయనకు ఫోన్లో చెప్పాడు. తిరిగొచ్చాక స్టేషన్ దగ్గర ఆయన ఇంటివైపు తిరిగాడు. జాబితాలో ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు. ఆమె స్టోరు తాళం అడిగి తీసుకుని, లోపలికి వెళ్లి, బల్ల ముందు కూర్చుని, తర్వాతి నంబరు కలిపింది.